చెప్పకూడని పేరు

రజాకార్లు పోయి ఏడాదైంది. పెద్ద యుద్ధంలో పతకాలు పొందిన సిపాయిలకు భువనగిరిలో స్మారక శిల నిలిపారనీ, ఇంటివాళ్లు వచ్చి పేర్లు చెప్పాలనీ ఊళ్లో చాటింపు వేశారు. సర్కారు ఊరికే ఎవరి పేరూ అడగదని నర్సింగమ్మకు తెలుసు. పతకం తెచ్చిన ఆమె భర్తే ఊరి సంఘానికి తుపాకీ నేర్పాడు. ఇప్పుడు పోలీసులకు చిక్కకుండా అడవిలో దాక్కున్నాడు. పోకపోతే అనుమానిస్తారని, బొట్టు చెరిపేసుకుని మరీ పోయింది.

శిల దగ్గర గుమాస్తా కూర్చున్నాడు. అతని వెనకాలే పోలీసు.

"నా పెనిమిటి సచ్చిపోయిండు సారూ," అంది.

"అయ్యో! పేరు చెప్పమ్మా, చెక్కిస్తం."

నర్సింగమ్మ నాలుక కరుచుకుంది. "మొగని పేరు తియ్యొద్దు సారూ. ఆయుష్షు తగ్గుతది."

గుమాస్తా తలెత్తాడు.

"సచ్చినోనికి ఇంకేం ఆయుష్షమ్మా?"