సూరన్న గడ్డం కింద గాటు

1946 ఎండాకాలం. నరసన్నపేట బజారులో నేను సెలూన్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. సెలూన్ అనగానే ఏదో ఊహించుకోకండి. తాటాకుల పందిరి, ఒక చేతుల కుర్చీ, మూల పగిలిన అద్దం, గుంజకు వేలాడే తోలుపట్టీ, అంతే. ఆ తోలుపట్టీని మా పనిలో స్ట్రాప్ అంటారు. మామూలు మంగలి కత్తిని దాని మీద అటూ ఇటూ నాలుగుసార్లు లాగితే పదును తేరుకుంటుంది. బజారులో పని లేనప్పుడు కత్తుల పొది చంకన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లేవాణ్ణి. పెళ్లయినా చావయినా ఆ ఊళ్ల పని మా తాతల నాటి నుంచి మాదే.

ఆ పొదిలో ఒక వింత వస్తువు ఉండేది. బ్లేడు మార్చుకునే మడత కత్తి. విజయనగరం కంటోన్మెంటులో ఒక దొర సామాన్లన్నీ అమ్ముకుని ఓడెక్కుతుంటే ఆయన వంటవాడు నాకు కబురు పెట్టాడు. పాడిగేదెను అమ్మి ఆ కత్తి కొన్నాను. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజున, "గేదైతే రెండు పూట్లా పాలిచ్చీది. ఇదేటిస్తాది, నురగా?" అంది. ఊరంతా నాకు గేదెకత్తి గున్నయ్య అని పేరు పెట్టేసింది. పెడితే పెట్టారు, గడ్డానికి మాత్రం నా దగ్గరికే వచ్చేవారు.

చూడటానికి అది మామూలు కత్తిలాగే మడతపడుతుంది. నల్లటి కొమ్ముపిడి, నికెల్ పూత వేసిన ఉక్కు. కానీ ఆ ఉక్కుకు పదును ఉండదు. అంచు పొడవునా సన్నటి చీలిక ఉంటుంది. దాన్ని హోల్డర్ అంటారు. పల్చటి బ్లేడును అందులోకి జారించాలి. బ్లేడు అడుగుదాకా కూర్చుని, అంచు ఈ మూల నుంచి ఆ మూలకు సమంగా కనబడాలి. ఒక మూల వెంట్రుకవాసి బయటికి వచ్చినా చర్మాన్ని వదలదు. కొన్న కొత్తలో తెలివి తక్కువై ఆ బ్లేడును కూడా స్ట్రాప్ మీద లాగాను. బ్లేడూ పోయింది, స్ట్రాపూ కోసుకుపోయింది. యుద్ధకాలంలో బ్లేడు దొరకడమే గగనం కదా, అందుకని పని అవగానే దాన్ని బయటికి తీసి, పాత పంచెగుడ్డతో తడి లేకుండా ఒత్తి, కీలు దగ్గర కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, మెత్తటి గుడ్డలో చుట్టి దాచేవాణ్ణి. మా సముద్రపు గాలికి ఒక్క పూట ఏమరినా తుప్పు పట్టేస్తుంది.

ఇక కత్తి వాలు. దాన్ని యాంగిల్ అంటారు. కత్తి వెన్ను చెంపకు దాదాపు ఆనుతున్నట్టు ఉండాలి, ఆనకూడదు. ఈ కత్తి తేలిక. బరువు కత్తికి అలవాటుపడ్డ చెయ్యి దీన్ని నొక్కాలని చూస్తుంది. నొక్కితే తెగుతుంది. అది పట్టుబడ్డాక నా చేతిలో రక్తం చూసినవాడు లేడని ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాణ్ణి. ఎప్పుడో ఒకసారి ఎక్కడైనా చర్మం చిట్లినా, కుర్చీలో మనిషికి తెలిసేలోపే నా ఎడమచెయ్యి పటికబిళ్లతో అక్కడ ఉండేది. పటిక తగిలితే నెత్తురు అక్కడికక్కడే ఆగిపోతుంది.

నరసన్నపేటకు రెండు కోసుల దూరంలో ఒక పల్లె. అక్కడ సూరన్న అనే వరి రైతు ఉండేవాడు. అతని మొదటి గడ్డం గీసింది నేనే. పెళ్లయిన కొన్నాళ్లకు రంగూన్‌లో బియ్యం మిల్లు పనికి వెళ్లాడు. యుద్ధం అక్కడిదాకా రాగానే మనవాళ్లు కొండలూ అడవులూ పట్టుకుని కాలినడకన తిరిగొచ్చారు. సూరన్న రాలేదు. జ్వరంతో తోవలో పడిపోయాడని, ఇక లేవడని వదిలేసి వచ్చామని తోటివాడు చెప్పాడు. రెండేళ్లు ఎదురుచూసి, గడ్డితో మనిషిబొమ్మ కట్టి, దహనం చేసి, కర్మ జరిపించారు. భార్య పారమ్మ చేతి గాజులు తీశారు. తమ్ముడు రాములుకు గుండు గీశాను. చావు పనికి వేరే కత్తి వాడటం మా ఆచారం. కానీ నాకు ఈ కత్తి మోజు. బ్లేడు కొత్తదైతే కత్తీ కొత్తదేనని వాదించి దీనితోనే గీశాను.

ఆ ఎండాకాలం ఒక పొద్దున రాములు రొప్పుకుంటూ నా పందిరి కిందికి వచ్చాడు.

"మావా, పొది ఒట్టుకుని రా. అన్నియ్య వొచ్చినాడు."

"ఏ అన్నియ్యరా?"

"నాకెంతమంది అన్నియ్యలున్నారేటి?" అన్నాడు.

దారి పొడవునా చెప్పాడు. మూడు రోజుల కిందట గుండెలదాకా గడ్డంతో ఒక మనిషి వాకిట్లో నిలబడి పారమ్మను పేరుపెట్టి పిలిచాడట. అస్సాం వైపు తేయాకు తోటలో ఇన్నాళ్లూ రోగంతో, కూలితో గడిపానన్నాడట. ఇంట్లో సంగతులు ఏది అడిగినా తప్పులేకుండా చెప్పాడట.

"మరింకేటిరా?"

"సచ్చినోడికి మాత్రం తెలవదేటి మావా? మా ఆడమనిషి కడుపుతో ఉన్నాది. నానేటి సెయ్యాల?" అంటూ ఏడ్చేశాడు. వాడు చెడ్డవాడు కాదు. భయపడ్డాడు.

ఊరి పెద్ద పెదనాయుడు ఒక తీర్పు చెప్పాడట. దెయ్యానికి నెత్తురు ఉండదు. గడ్డం గీయించి, ఒక్క గాటు పెట్టించాలి. నెత్తురు వస్తే మనిషి, ఇంట్లోకి తీసుకుపోవచ్చు. రాకపోతే ఏం చెయ్యాలో ఊరు చూసుకుంటుంది.

సూరన్నను కళ్లంలో గడ్డిపాక దగ్గర ఉంచారు. పాక చుట్టూ బూడిదతో గీత గీశారు. ఊరంతా గీతకు అవతల నిలబడి ఉంది. మూడు రోజులుగా ఆకులో అన్నం ముద్ద పెట్టి, పిలవకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తున్నారట. పిండం పెట్టినట్టే. ముద్దలు ఎండి అలాగే ఉన్నాయి. వాటిని కాకులు కూడా ముట్టలేదు.

నేను గీత దాటాను. అతను పీట మీద కూర్చుని నన్ను చూశాడు.

"గున్నయ్య మావా, నువ్వైనా దగ్గరికొచ్చినావు," అన్నాడు.

కత్తెరతో గడ్డం తగ్గించి, నురగ పట్టించాను. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ చెంప చల్లగా ఉంది. నీళ్లకుండ అడుగున చెయ్యి పెట్టినట్టు ఉంది. రెప్ప వెయ్యడం లేదు. నా మణికట్టు అతని ముక్కు కిందే ఉన్నా ఊపిరి తగలడం లేదు. కానీ ఎడమ దవడ దగ్గర వెంట్రుక వెనక్కి తిరిగే సుడి నా వేళ్లకు తగిలింది. వెంట్రుక ఏ వైపు పెరుగుతుందో దాన్ని మేము గ్రెయిన్ అంటాం. ముఖం మారిపోవచ్చు గాని గ్రెయిన్ మారదు. నా వేళ్లు ఇతను సూరన్నే అన్నాయి. నా ఒళ్లు మాత్రం లేచి పారిపొమ్మంది. తలెత్తి చూస్తే పెదనాయుడు కర్ర మీద గడ్డం ఆనించి నన్నే చూస్తున్నాడు. కత్తి తెరిచాను.

"తమ్ముడి గుండు గీసింది ఈ కత్తితోనే గదా మావా?" అన్నాడు సూరన్న మెల్లగా.

నా చెయ్యి ఆగిపోయింది. "నీకెవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పనేదు. అక్కడ జొరంలో ఓ పొద్దు లేసి సూసుకుంటే తల మీద ఒక్క ఎంటిక నేదు. ఎవులో గీసినట్టు సల్లగా ఉన్నాది. అప్పుడే అనుకున్నాను, ఇంటికాడ నా పని అయిపోనాదని."

విషజ్వరానికి జుట్టు రాలుతుందని తర్వాత ఒక డాక్టరు గారు నాకు చెప్పారు. ఆ పీట దగ్గర ఉన్నప్పుడు నాకు ఆ సంగతి తెలియదు.

"ఆ బ్లేడు పారేసినానురా. ఇది కొత్తది," అన్నాను.

"బ్లేడు మారినా కత్తి అదే గదా. నన్నూ అలగే అనుకోరాదా మావా?"

గీయడం పూర్తిచేశాను.

"కానీరా గున్నయ్యా," అని పెదనాయుడు కేకేశాడు.

గడ్డం కింద కుడివైపున వాలు పెంచి బ్లేడు మూలను తాకించాను. నా జన్మలో మొదటిసారి కావాలని పెట్టిన గాటు అది. పెట్టిన మరుక్షణం ఏం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గే. కొత్త బ్లేడు గాటు వెంటనే నెత్తురు చూపించదు, చర్మం ఒక క్షణం తెల్లగా నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ క్షణంలోనే నా ఎడమచెయ్యి నన్ను అడక్కుండా పటికబిళ్లతో అక్కడికి పోయి నొక్కేసింది. పదకొండేళ్ల అలవాటు. నేను చెయ్యి తీసేసరికి గాటు మూసుకుపోయి, సన్నటి తెల్లగీత మిగిలింది.

"రానేదు!" అని ఎవరో అరిచారు. "ఓలమ్మో, నెత్తురు రానేదు!"

జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. రాములు భార్యను ఎవరో చెయ్యి పట్టుకుని ఊళ్లోకి లాక్కుపోయారు. "పాకకు నిప్పెట్టండి" అన్న మాట వినబడింది. ఎండుతాటాకు వెలిగించారు కూడా. "బాబూ, నా సెయ్యే పటిక పెట్టేసినాది! తప్పు నాది!" అని నేను గొంతు చించుకున్నాను. దెయ్యం పక్కన నిలబడ్డవాడి మాట ఎవరు వింటారు?

సూరన్న నా కుడిచెయ్యి పట్టుకుని తన గడ్డం కిందికి తెచ్చుకున్నాడు. "మళ్లీ కొయ్యి మావా. ఈపాలి ఆ సెయ్యి ఎనక్కి ఎట్టుకో."

కోశాను. బ్లేడు కావలసినదానికంటే లోతుగా దిగింది. నెత్తురు మెడ మీదుగా ఛాతీ దాకా కారింది. అతను కదల్లేదు. వంగి తన ఛాతీ వైపు చూసుకుంటున్నాడు, అందరికంటే ఆత్రంగా.

అప్పుడు పారమ్మ బూడిదగీత దాటి పరిగెత్తుకొచ్చి, కొంగుతో ఆ గాటు అదిమిపట్టింది. "సాలా మీకు? సాలా?" అని ఊరినంతటినీ అడిగింది. పెదనాయుడు సంతలో ఎద్దు పళ్లు చూసినవాడిలా తల ఊపి, "మనిసే," అని వెళ్లిపోయాడు. తర్వాత పురోహితుడు వచ్చి, కర్మ జరిగిపోయినవాడు మళ్లీ పుట్టాలన్నాడు. స్నానం చేయించి, పసిబిడ్డకు పెట్టినట్టు మళ్లీ పేరు పెట్టారు. పారమ్మ మెడలో మళ్లీ తాళి కట్టించారు. కథ అక్కడితో అయిపోయిందని నేను అనుకున్నాను.

ఆ తర్వాత ప్రతి బుధవారం సూరన్న నా కుర్చీలో కూర్చునేవాడు. గీయడం అవగానే గడ్డం కింద తడుముకుని, "వొచ్చినాదా మావా?" అనేవాడు. "నా సేతిలో నెత్తుర్రావడమేటిరా!" అని నేను గొప్పగా నవ్వేవాణ్ణి. అతను లేచి పోయేవాడు. అలా నాలుగైదు నెలలు గడిచాయి.

ఒకరోజు పారమ్మ నా పందిరి దగ్గరికి వచ్చింది. ఆడవాళ్లు సెలూన్ ఛాయలకు రాని రోజులవి. గుంజ పక్కన ముఖం తిప్పుకుని నిలబడి చెప్పింది.

"మావా, నెత్తురు రానేదని నువ్వన్న పూట ఆడు అన్నం ముట్టడు. కళ్లంలో ఆ పాకలోకి పోయి పడుకుంటాడు. పిలిస్తే, నానెక్కడున్నానే అంటాడు. ఓ సుక్క రానీ మావా. నీకు దండమెడతాను."

ఆ తర్వాత ప్రతి బుధవారం, గీయడం అయ్యాక, సూరన్న గడ్డం కింద సూదిమొనంత గాటు పెట్టేవాణ్ణి. చిటికెనవేలితో ఆ చుక్కను అద్ది చూపించేవాణ్ణి. చూసి, ఊపిరి వదిలి, ఇంటికి పోయి భోంచేసేవాడు. గున్నయ్య చెయ్యి పోయిందిరా అని బజారులో చెప్పుకున్నారు. కొందరు కొత్తగా పెట్టిన వేరే సెలూన్‌కు పోయారు. నేనేం చెప్పుకోను?

1949 చలికాలంలో సూరన్న జ్వరంతో మంచం పట్టి, ఈసారి నిజంగానే పోయాడు. దహనానికి ముందు గడ్డం గీయడం మా పనే. గీశాను. గడ్డం కింద నా చెయ్యి దానంతటది ఆగి, ఎప్పటిలాగే గాటు పెట్టింది. తలవైపు కూర్చున్న పారమ్మ వంగి చూసింది.

"వొచ్చినాదా మావా?"

నేను చాలాసేపు చూశాను. "ఇయాల రానేదమ్మా," అన్నాను.

అప్పుడు గానీ ఆమె ఏడవలేదు.

నలభై ఏళ్లు కత్తి పట్టాను. వాలు నేర్చుకున్నాను, ఒత్తిడి నేర్చుకున్నాను, తుప్పు పట్టకుండా కాపాడుకోవడం నేర్చుకున్నాను. ఆ కత్తి ఇప్పటికీ మెరుస్తూనే ఉంది. కానీ ఆ కళ్లంలో, నా వేళ్లకు సుడి తగిలిన క్షణంలో, "ఈడు సూరన్నే, నాను కొయ్యను" అని ఒక్క మాట అని ఉంటే ఊరు నమ్మేది. వాళ్ల ముఖాలన్నీ తెలిసిన చెయ్యి నాది. పెదనాయుడికి భయపడి మాట మింగి, కత్తి ఎత్తాను. ఆ మాట అననందుకు సూరన్న మూడేళ్లపాటు ప్రతి బుధవారం నన్ను "వొచ్చినాదా మావా?" అని అడగవలసి వచ్చింది.