ఉషారు బిళ్ళ

"...నీ నోట్లో వేసుకోమే, నా నోట్లో ఎందుకు కుక్కతావు! చంటిబిడ్డకు పాలిచ్చేదాన్ని."

"వేసుకోకపోతే పో! ఎనకబడి బందెలదొడ్లో చిక్కినాక ఏడవబాక."

గట్టు మీద గురవమ్మ, జయశీల తగువులాడుకుంటున్నారు. ఎలిశబెతు చీర ఎగదోపుకుంటూ నవ్వింది. తోటపల్లి గూడూరు పక్క నాట్లకు ఆడకూలీలను కూడగట్టేది ఆమే. మడిలో నాటు వేసే వరస ఆమె చేతివాటాన్ని బట్టే నడిచేది. ఆదివారం చర్చిలోనూ ఆమె గొంతెత్తాకే మిగతావాళ్ళు పాట అందుకునేవాళ్ళు.

చైనా యుద్ధం వచ్చిన ఏడు అది. మొలగొలుకుల నారు ముదిరిపోతోందని రైతు పద్మనాభయ్య నెల్లూరు మందుల షాపు నుంచి ఉషారు బిళ్ళలు తెప్పించాడు. నిన్న మొదట మింగింది ఎలిశబెతే. బిళ్ళలో మోసమేమీ లేదు. నడుమనేది ఒకటుందని తెలియలేదు, ఆకలి కాలేదు. రెండు రోజులు పట్టే మడి ఒక్క పూటలో ముగిసింది. ఆమెకు గర్వంగానే ఉంది.

ఇవాళ గట్టు చేరి తలెత్తి చూసేసరికి బిళ్ళ మింగని గురవమ్మ మడి మధ్యలోనే ఉంది. అటూ ఇటూ, వెనకాల కూడా నాటేశారు. అలా చిక్కినదాన్ని బందెలదొడ్లో పడ్డ గొడ్డని ఎగతాళి చేయడం, ఆ నవ్వుల్లోనే తలా ఒక చెయ్యి వేసి బయటికి తేవడం మామూలే. ఇవాళ ఎవరూ ఆగలేదు. ఎలిశబెతు చేతులూ ఆగలేదు. గట్టు మీద ఉయ్యాలగుడ్డలో బిడ్డ ఎప్పటినుంచి ఏడుస్తోందో! నారు తొక్కకుండా తల్లి రాలేదు.

ఎలిశబెతు బిడ్డను ఎత్తుకుని, తాము నాటిన నారు మీదుగానే నడిచి తల్లి చేతికిచ్చింది.

"ఏందే ఆ తొక్కుడు!" గట్టు మీంచి పద్మనాభయ్య అరిచాడు. "నిన్న పూటలో ఒక మడి అయిందా లేదా? ఇంక నుంచి అదే లెక్క. అందుకోలేనిదాన్ని మానిపించు."

"మామూలుగా అది మాకు తీసిపోయేది కాదయ్యా."

"మరి బిళ్ళ వేసుకోమను."

గురవమ్మ తల వంచుకుని బిడ్డకు పాలిస్తోంది. ఎలిశబెతు బురదచేతులు కాలవలో కడుక్కుని, కొంగుకు తుడుచుకుంది.

"రేపు వరస ముందర గురవమ్మ ఉంటాదయ్యా," అంది. "దాన్ని దాటి ఎవరూ నాటేది లేదు."