మస్కట్‌కు చేరిన సున్నా

బీఎడ్ పూర్తయిన ఏడాది జూన్‌లో ఇచ్చోడలోని ఒక ప్రైవేటు బడిలో ఆరో తరగతి క్లాస్ టీచరుగా చేరాను. తర్వాత ఆ కొలువు మానేశాను. పిల్లలతో బాగానే మాట్లాడేదాన్ని. పెద్దవాళ్ల ముందు నోరు పెగిలేది కాదు.

ఎఫ్‌ఏ అనే చిన్న పరీక్షలు ఇరవై మార్కులకు ఉండేవి. పేపర్లు దిద్ది మార్కులు యాప్‌లో ఎక్కిస్తే, ఆఫీసు నుంచి ఇంటికి మెసేజ్ పోయేది. అదీ అడ్మిషన్ నాడు ఇచ్చిన ఒక్క నంబరుకే. పరీక్షకు రానివాళ్లకు 'ఏబీ' అని కొట్టాలి. అవతలి ఫోనులో అది ఎలా కనిపిస్తుందో నేనెప్పుడూ చూడలేదు.

దసరా ముందు నా క్లాసులోని అఖిల తల్లి సుజాత బడికి వచ్చింది. బడిలో ఇచ్చింది ఆమె భర్త మల్లేశ్ నంబరు; అతను మస్కట్ నుంచి పంపిన మెసేజ్ స్క్రీన్‌షాట్ చూపింది. లెక్కల ఎదురుగా సున్నా ఉంది. నేను కొట్టిన 'ఏబీ' అక్కడికి అలా చేరింది.

"పిల్లను కరీంనగర్ హాస్టల్ల ఎయ్యమంటుండు మేడం. ఆదివారం మా తమ్ముడొచ్చి తోల్కపోతడట."

లెక్కల పరీక్ష రోజు అఖిలకు జ్వరం. నాకు చెప్పింది సుజాతే.

"మరి ఆయనకు చెప్పలేదా అక్కా?"

"చెప్పలే. గంత దూరంల ఉండి ఫికర్ పడుతడని."

ప్రిన్సిపాల్‌ను అడిగితే, పోయిన మెసేజ్ వెనక్కి రాదనీ, ప్రోగ్రెస్ కార్డులో సరిచేద్దామనీ అన్నారు. కార్డు వచ్చేది సెలవుల తర్వాత. సుజాత ఫోన్ నుంచి మల్లేశ్‌కు నేనే ఫోన్ చేయాల్సి వచ్చింది. చెప్పాల్సింది కాగితం మీద రాసుకున్నాను.

మల్లేశ్ కాసేపు విని, "చూసి చదువుతున్నరా ఏంది మేడం?" అని నవ్వాడు. తర్వాత గొంతు మారింది.

"బిడ్డకు జరమొచ్చింది బడికి ఎర్కే. నాకే ఎర్క లేకపాయె."

సుజాత ఫోన్ తీసుకుని పక్కకు వెళ్లింది. తిరిగి వచ్చి, తమ్ముడు రావడం లేదని చెప్పింది. బడిలో తన నంబరు తీసేసి భార్యది పెట్టమన్నాడట. మార్కులేవైనా ఇక ఆమే చెప్పాలట.

ఆఫీసులో నంబరు మార్పించాను. ఆ తర్వాత ప్రతి పరీక్షకూ మొదటి మెసేజ్ నా ఫోనుకే పంపించుకుని చూసేదాన్ని. మార్కులు సరిగ్గా వేయడంతో టీచరు పని సగమే అవుతుంది. అవతలివాళ్లకు అవి ఎలా కనిపిస్తాయో చూసుకోవడం మిగతా సగం.