పాస్తా హోటళ్లలో చిన్నాయన

మా చిన్నాయన నిద్రలోనే పోయాడని మొన్న ఆదివారం చేవెళ్ల నుంచి ఫోనొచ్చింది. అరవై దాటిన మనిషిని, ఇక నన్ను చూసుకునేదెవరని ముందు భయమేసింది. ఏడుపు తర్వాతొచ్చింది.

పళ్లన్నీ ఊడాక ఆయన పాస్తా మరిగాడు. మా అమ్మాయి ఒకసారి తినిపించిన పుణ్యం అది. అప్పుడప్పుడు బస్సెక్కి పట్నం వచ్చేవాడు. ఇద్దరం చిన్న చిన్న ఇటాలియన్ హోటళ్లు వెతుక్కుంటూ పోయేవాళ్లం. ఒకచోట టమాటా పులుపు దంచేశారనేవాడు. ఇంకోచోట తెల్ల పాస్తా నోట్లో పెట్టుకుని, "పాయసం చేసి చక్కెర మర్చిపోయిన్రు" అన్నాడు. వడ్డించే అమ్మాయి నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

ఆయన హోటలు ఎంచుకునేది మాత్రం రుచిని బట్టి కాదు. ముందు వంటింటి వైపు వెళ్లి, వెనక తలుపుందో లేదో చూసొచ్చేవాడు. శుభ్రత చూస్తున్నాడని హోటలువాళ్లు కంగారుపడేవారు. తలుపు లేకపోతే ఎంత కమ్మని వాసనొచ్చినా కూర్చునేవాడు కాదు. పళ్లెం వచ్చాక, "నువ్వు ప్రార్థన చెయ్ బిడ్డా, నేను చూస్త" అని వీధి తలుపుకేసి చూస్తూ ఉండేవాడు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని పట్నం అట్టుడుకుతుంటే, హాస్టల్లో ఉన్న నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాడు. ఆకలంటే ఒక చిన్న హోటల్లో కూర్చోబెట్టాడు. మా ఇళ్లలో అలవాటు ప్రకారం పళ్లెం ముందు ఇద్దరం కళ్లు మూసుకున్నాం. చిన్నాయన ప్రార్థన పొడుగు. వీధిలో అరుపులు వినిపించినా మధ్యలో ఆపలేదు. ఆమేన్ అనేలోగా జనం లోపలికి తోసుకొచ్చారు, ఎవరో షట్టర్ లాగేశారు, పోలీసుల బాష్పవాయువు కళ్లను మండించింది. ఆ తోపులాట నన్ను వంటింటి గుండా వెనక సందులోకి ఈడ్చుకుపోయింది. సందులో నన్ను దొరకబుచ్చుకున్నాక ఆయన నా చెయ్యి మళ్లీ వదల్లేదు. బస్సుల్లేవు. చేవెళ్ల దారిలో మొయినాబాద్ దాకా నడిచాం. "కండ్లు తెరిచేసరికి నువ్వు లేవు" అన్నాడు.

పోయిన నెల చూసిన రెండు హోటళ్లకీ వెనక తలుపు లేదు. మూడోదానికీ లేదు. అప్పటికి నాకు షుగర్ పడిపోయి చెమటలు పడుతున్నాయి. "ఇంకోటి చూద్దాం పా" అన్నవాడు నా మొహం చూసి ఆగిపోయాడు. నన్ను గోడవార కూర్చోబెట్టి, తలుపుకి అడ్డంగా నాకెదురుగా కూర్చున్నాడు. పాస్తా వచ్చింది. నేను కళ్లు మూసుకోబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఇయ్యాల నువ్వు చూడు బిడ్డా. నాకు శాతనైతలేదు."

ఇన్నేళ్ల తర్వాత హోటల్లో ఆయన కళ్లు మూసుకున్నాడు. పెదాలు మెల్లగా కదులుతున్నాయి. ఆ కాపలా ఎంత భయమో నాకప్పుడు తెలిసింది. ప్రతి పళ్లెం ముందూ దాన్ని ఆయన ఒక్కడే భరించాడు, నన్ను మాత్రం నిశ్చింతగా తిననిచ్చాడు. ఆయన భుజం మీదుగా అద్దాల తలుపునే చూస్తూ ఉన్నాను. ప్రార్థన ఎప్పటిలాగే పొడుగ్గా సాగుతోంది. బయట ఎవరో తలుపు మీద చెయ్యి వేశారు.