తాళాల దుకాణంలో తత్వవేత్త

మా తాళాల దుకాణంలో నా బేరాలు చెడగొట్టడానికి ఒకాయన వచ్చి కూర్చునేవారు. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ సాబ్. గిరాకీ రాగానే బల్ల మీద నుంచే అడిగేవారు, "దేనికి భయం, భాయ్?"

దేశం రెండు ముక్కలైన రోజులు. నిజాం రాజ్యం బయటి నుంచి కుటుంబాలు పాతనగరానికి పారిపోయి వస్తున్నాయి. వచ్చినవాళ్లకు భయపడి ఉన్నవాళ్లు, ఉన్నవాళ్లకు భయపడి వచ్చినవాళ్లు తాళాలు కొన్నారు. ఇద్దరికీ అమ్మిన నేను నా తలుపుకు రెండు వేసుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం గల్లీవాళ్లు నలుగురు వచ్చి పెద్ద తాళం అడిగారు.

"దేనికి భయం?"

"ఎదురింటి గదిల కొత్తోళ్లు దిగిండ్రు సాబ్. గిట్ల వస్తనే ఉంటే మా కూలి ఏం గావాలె? ఆళ్ల తలుపుకు బయట తాళమేస్తం."

"కూలి సంగతి నిజమే, కూసోని మాట్లాడుదం. లోపల పిల్లలున్నరు గదా?"

ఒకడి చేతిలో కిరోసిన్ డబ్బా నాకు అప్పుడు కనిపించింది. అలవాటుగా ధర చెప్పి, వెంటనే రెట్టింపు చేశాను.

"ఏంది సేఠ్, లూటీనా!"

ఇంకా పెంచాను. గిరాకీ పోవాలని బేరమాడటం పుట్టాక అదే మొదటిసారి.

వాళ్లు తిట్టుకుంటూ వెనుదిరిగేసరికి ప్రొఫెసర్ బల్ల మీద లేరు. దుకాణం ఎదురింటి గది గడప మీద, తెరిచిన తలుపుకు వీపు ఆనించి కూర్చున్నారు. డబ్బా పట్టుకున్నవాడు ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"లేవుండ్రి సాబ్."

"కాళ్లు వణుకుతున్నయి బిడ్డా, లేవస్తలేదు."

అది అబద్ధం కాదు. వాడు కాసేపు ఆ కాళ్లనే చూసి, డబ్బాతో వెనక్కి తిరిగాడు.