ఆడపిల్లకు రెట్టింపు రోజులు

మొన్న మంచిర్యాల నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. కాన్పయి ఇంకా నెల నిండలేదు, ఆడపిల్ల. "అమ్మా, ఈ ఆదివారం పాపను చర్చికి తీసుకపోదామనుకుంటున్న. చలి గిట్ల తగుల్తదంటవా?" అని అడిగింది. తన ఫికరంతా చలి గురించే. నాకు నవ్వాగలేదు. "ఎందుకమ్మా నవ్వుతున్నవ్?" అంటే ఏం చెప్పను? ఆమె పుట్టినప్పుడు మా గోదావరిఖని క్వార్టర్లో జరిగిన పంచాయితీ ఒక్క ఫోన్లో తెమిలేది కాదు.

మా అత్తమ్మకు చదువు రాదు. కానీ మామయ్య రోజూ చదివి వినిపించగా వినిపించగా బైబిలు సగం ఆమె నోటికి వచ్చేసింది. అందులో మహా ఇష్టమైనది లేవీయకాండం. ఏది తినాలి, ఏది తినకూడదు, ఎవరికి ఎప్పుడు మైల, ఎట్లా శుద్ధి - అందరూ ఆవలిస్తూ దాటేసే ఆ అధ్యాయాలు ఆమె చెవికి పాటలా ఇంపుగా ఉండేవి. పొలుసు లేని చేప మా గడప తొక్కలేదు. వాలుగ చేపంటే ప్రాణం పెట్టే మామయ్య దోస్తుల ఇళ్లలో తిని, మూతి తుడుచుకుని వచ్చేవారు. బొగ్గుబాయిలో షిఫ్టు దిగి నల్లగా వచ్చిన ఆయన్ని పెరట్లో నల్లా కింద రెండుసార్లు సబ్బు రుద్దుకునేదాకా లోపలికి రానిచ్చేది కాదు. బొగ్గు మైల అని లేవీయకాండంలో ఎక్కడా లేదు. అది అత్తమ్మ సొంతంగా కలిపిన వచనం. "బాయిల బొగ్గు, ఇంట్ల అపవిత్రత. బతుకంతా కడుక్కునుడే అయితాంది," అని మామయ్య నల్లా కింద గొణుక్కునేవారు.

మా అమ్మ అప్పటికే లేదు కాబట్టి నా తొలికాన్పు అత్తగారింట్లోనే. నవంబరు మొదట్లో అమ్మాయి పుట్టింది. అత్తమ్మ మురిసిపోయింది, మా క్వార్టర్ల లైనంతా మిఠాయి పంచింది. ఆ తర్వాత తీర్పు చెప్పింది. మగపిల్లాడైతే తల్లి నలభై రోజులు ఆలయానికి పోకూడదు, ఆడపిల్లకైతే రెట్టింపు. కొడుకైతే క్రిస్మస్ నాటికి బయటపడేదాన్నన్నమాట. కూతురు కాబట్టి జనవరి నెలాఖరు దాకా ఆగాలి. ప్రతి క్రిస్మస్‌కు చర్చిలో మొదటి పాట ఎత్తుకునేది నేనే. పాట పోతే పోయింది, ఆడపిల్లను కన్నందుకు దేవుడి దగ్గరికి పోవడానికి కూడా ఆలస్యమేనా అని నా కడుపు మండింది. చాటుగా ఏడ్చాను కూడా. అడిగితే అత్తమ్మ, "మరియమ్మ అంతటామె ఆగింది. నువ్వెంత?" అంది. "మరియమ్మది మొగపిల్లగాడు గదనే, సగం దినాలకే ఇడిసిపెట్టిండ్రు," అన్నారు మామయ్య. ఆ పూట ఆయనకు చాయ్ చాలా ఆలస్యంగా అందింది.

పండుగ ఇంకా రెండు రోజులుందనగా వెనక లైనులో ఒక ముసలవ్వ చనిపోయింది. మా కాలనీ క్రైస్తవుల ఇళ్లలో ఆడమనిషి పోతే మొదటి కబురు మా అత్తమ్మకే. ఒళ్లు కడిగి, తల దువ్వి, తెల్లచీర కట్టేదాకా ఎవరినీ తొందరపెట్టనిచ్చేది కాదు. నీళ్లు పోసే ముందు మోచేయి ముంచి చూసి, "సల్లగున్నయి, ఇంకింత కాగబెట్టుండ్రి," అనేది. ఆ అవ్వనూ అట్లాగే సాగనంపి, ఇంటికొచ్చి తలస్నానం చేసి, పండుగ చీరకు ఇస్త్రీ చేయించుకురమ్మని మామయ్యను పంపింది.

బాలింతకు పనేముంది? బైబిలు ముందేసుకుని కూర్చున్నాను. బడిపంతులమ్మను కదా, పక్క పాఠం తిరగేయకుండా ఉండలేను. లేవీయకాండం పక్కనున్న సంఖ్యాకాండంలో దొరికింది: శవాన్ని ముట్టినవారు ఏడు రోజులు అపవిత్రులు. గొంతు సవరించుకుని కాస్త గట్టిగానే చదివాను. బియ్యం ఏరుతున్న అత్తమ్మ చేయి ఆగిపోయింది. "మల్లోసారి సదువు," అంది. చదివాను. "గట్లైతె నేను గూడ పండుగకు పోవద్దా? ఇన్నేండ్లు ఎంతమందిని కడిగిన, కడిగిన ఆదివారమే పోయి ప్రభువు రొట్టె తీసుకున్న!" ఆమె ముఖం చూస్తే నాకు జాలేసింది. ఆ సాయంత్రం కూరలో ఉప్పు మరిచిపోయింది, మామయ్య అదేమని అడగకుండా తినేశారు.

తెల్లారి నాకు చాయ్ ఇస్తూ పక్కన కూర్చుంది. "సచ్చిపోయిన పిల్ల ఇంటికి ప్రభువు పోయిండు గద. ఆ పిల్ల చెయ్యి పట్టి లేపిండు. శవాన్ని ముట్టిన్నని ఏడు దినాలు ఇంట్ల కూసున్నడా?"

"లేదత్తమ్మా."

"అదే తొవ్వల రక్తం పోయే ఆమె ముట్టుకుంటె కోప్పడ్డడా?"

"లేదు."

"ఆయనకు మైల అంటలే. వాళ్లకే మంచిగయింది." పాపను ఒళ్లోకి తీసుకుంది. "రేపు నడు, ముగ్గురం పోదాం. అడిగినోళ్లకు నేను జెప్త."

ఎవరూ అడగలేదు. పాపను తానే ఎత్తుకుని నడిచి అన్నిటికంటే ముందు వరుసలో కూర్చుంది. నేను పాట ఎత్తుకోగానే పాప నాకంటే పై స్థాయిలో ఏడుపు ఎత్తుకుంది.

ఇంటికి రాగానే, చర్చికే పోయొచ్చాక ఇంకేం పట్టింపని బకెట్ పట్టుకుని నల్లా దగ్గరికి పోయాను. అత్తమ్మ వచ్చి గుంజుకుంది. "దినాలు అయినయా? గుడికి రావద్దని గాదు, బాలెంతను పండుకోనియ్యమని పెట్టిండు దేవుడు. ఆడపిల్ల తల్లివి, నీకు రెట్టింపు. పో, పండుకో." జనవరి నెలాఖరు దాకా నాతో చెంబెడు నీళ్లు మోయించలేదు. ఆ నీళ్లన్నీ మామయ్య మోశారు, లేవీయకాండం రాసినవాళ్లను ప్రేమగా తిట్టుకుంటూ.

ఆ మంచం మీద పడుకుని, దినాలు ఎంతకీ కదలవేమని ఎంత విసుక్కున్నానో! అప్పుడు నా పక్కలో నిద్రపోయిన పిల్ల ఇప్పుడు తన పిల్లను ఎత్తుకుని ఆదివారానికి సిద్ధమవుతోంది. లెక్కపెట్టిన రోజులన్నీ నాకు గుర్తున్నాయి. లెక్కపెట్టని ఏళ్లే ఎటు పోయాయో తెలియలేదు.