ముకుందన్ దాచిన చెట్టు పేరు

ముత్తియాల్‌పేట ముకుందన్ ఇరవై రెండేళ్ళుగా పిళ్ళైచావడి పక్కనున్న యూనివర్సిటీ అడవిలో తోటపని చేస్తున్నాడు. చెట్ల మొదళ్ళకు చిప్పల్లా అతుక్కుని పెరిగే గట్టి పుట్టగొడుగుల మీద పరిశోధన చేసే పద్మనాభన్ సారుకు అతడే కళ్ళు. వానలు మొదలవగానే సారు ఫోన్ చేసి, కొత్తదేమైనా కనబడిందా అని అడిగేవాడు. ఆ ఫోను వచ్చిన రోజు ముకుందన్ నడకే వేరు.

ఈ ఏడు ఆ ఫోను మహాలక్ష్మికి వెళ్ళింది. ఆమె ఊడ్చే పనిలో చేరి నాలుగు నెలలైనా కాలేదు. ఆకులు ఊడుస్తూ, బెరడు రాలిపోయిన ఒక మొద్దు మీద అరచేతంత చిప్పను చూసి, ఫోటో తీసి పంపింది. సారు పరుగున వచ్చి నేల మీదే పడుకుని, భూతద్దంతో దాని అడుగుభాగం చూశాడు. తేనెపట్టులా పెద్ద పెద్ద గదులు!

"ఇన్నేళ్ళలో ఇట్లాంటిది చూళ్ళేదమ్మా" అన్నాడు.

ముకుందన్‌కు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఆ మొద్దు పక్కనుంచే అతడు రోజుకు నాలుగుసార్లు నడుస్తాడు.

"ఏ చెట్టో తెలిస్తేగానీ దీని పేరు తేల్చలేను. నీకు తెలుసా ముకుందన్?"

తెలుసు. థానే తుఫానుకు విరిగిన ఆ చండ్రచెట్టును, అక్కడివాళ్ళు కరుంగాలి అనేదాన్ని, రంపంతో కోసింది అతడే.

"తెలీదు సార్."

చుట్టూ జీడిమామిడి చెట్లే, అక్కడివాళ్ళ మాటలో ముందిరి చెట్లే, ఉండడంతో "ముందిరి అయ్యుంటుంది సార్" అంది మహాలక్ష్మి. సారు అనుమానంగానే రాసుకున్నాడు.

పది రోజులు ముకుందన్ ప్రతి మొద్దూ తడిమాడు. మూడు ఫోటోలు పంపాడు. మూడూ మామూలువేనని సారు జవాబిచ్చాడు. పదో రోజు సాయంత్రం టీ తాగుతుంటే, ఆ చిప్పకు సారు అంటించిన చీటీ ఫోటోను మహాలక్ష్మి తన ఫోన్‌లో చూపించింది.

"చూడన్నా, చీటీలో నా పేరు రాసినారు. కింద ముందిరి అని కూడా."

ఆమె పేరును ఎలాగో మింగాడు గానీ, ఆ చెట్టు పేరు మింగుడుపడలేదు.

"ముందిరంట ముందిరి! కరుంగాలి అది. చేతులు బొబ్బలెక్కేదాకా కోసింది నేను!"

"ఆ పొద్దు తెలీదంటివే?"

ముకుందన్ గ్లాసు కడగడానికి లేచాడు. ఆమె అక్కడే సారుకు ఫోన్ చేసి, "ముకుందన్ అన్న చెప్పినాడు సార్, కరుంగాలి అంట" అంది.

మర్నాడు మహాలక్ష్మి ఫోన్‌కు కొత్త చీటీ ఫోటో వచ్చింది. చెట్టు పేరు సరిగ్గా ఉంది. తన పేరూ ఉంది, మహాలక్ష్మి పేరు కింద. ముకుందన్ రెండుసార్లు చూసి ఫోన్ తిరిగిచ్చేశాడు. ఆ తర్వాత రోజు నుంచి అరగంట ముందే పనికి వచ్చి, ఆమె ఊడ్చే వైపు చెట్లన్నీ ఒక చుట్టు చూసి రావడం మొదలుపెట్టాడు.